కోసేది ఎవరిది?

పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయిన ఏడాది. నెల్లూరులో ఒక ఆస్పత్రి వార్డు. పక్కపక్క మంచాల మీద ఇద్దరు హజరత్తయ్యలు. ఒకాయనది మైపాడు, పడవ మనిషి. ఇంకొకాయన చిల్లకూరులో వరి పండిస్తాడు. ఇద్దరికీ పేగులోంచి ముక్క తీసి పరీక్షకు పంపి వారమైంది.

నర్సు అబిగయీలు గుమ్మంలోంచే చెప్పింది.

"హజరత్తయ్య రిపోర్టులు రెండు వచ్చినాయి. రెండూ క్యాన్సరే. ఒకటి కోసి తీసేది, ఒకటి సూదిమందుతో కరిగేది. డాక్టరమ్మ వచ్చి చెప్తాది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు చిల్లకూరాయన తేరుకున్నాడు.

"సూదిది నాది."

"నీదని యాడ రాసుండాది?"

"నాకు కత్తంటే పడదన్నా. గడ్డం గూడా మంగలి చేత గీయించుకోను. నువ్వు రోజూ చేపలు కోసేవోడివి."

"కోసేవోణ్ణే. కోయించుకునేవోణ్ణి కాదు."

చిల్లకూరాయన రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకున్నాడు. మైపాడాయన ఆ చేతులు చూశాడు.

"సరే అబ్బయా. కోసేది నాకు. సూదిది నువ్వు తీసుకో."

"మాట మారవు గదా?"

"మారను."

డాక్టర్ ఉషారాణి వచ్చింది. కాగితం చూసింది, మంచం నంబరు చూసింది, మళ్ళీ కాగితం చూసింది. చిల్లకూరాయన పక్కన కూర్చుంది.

"రెండూ మీవే పెద్దాయనా. ఒకే పేగులో, జానెడు ఎడంలో, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు క్యాన్సర్లు. నేను కూడా ఇదే మొదటిసారి చూడటం. ముందు ఒకటి కోసి తీసేస్తాం. కోలుకున్నాక రెండోదానికి సూదులు. రెండూ చేయించుకుంటే బతికే దారి ఉంది. ఒకటి వదిలేస్తే లేదు."

మైపాడాయన వైపు తిరిగింది. "మీ రిపోర్టు ఇప్పుడే వచ్చింది. పేగులో పెరిగిన చిన్న కండ. క్యాన్సర్ కాదు, తీసేశాం కూడా. ఇంటికి వెళ్ళొచ్చు."



చిల్లకూరాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "కోయించుకోను. చస్తే ఇంటికాడే చస్తా. సంతకం పెట్టేదానికి నాకు మనుషులు గూడా లేరు."

మైపాడాయన లుంగీ, చెంబు సంచిలో వేసుకున్నాడు. బయటికి నడిచాడు.

"తప్పించుకున్నాడు," అన్నాడు చిల్లకూరాయన గోడతో.

మర్నాడు పొద్దున్నే అబిగయీలు కాగితం పట్టుకొచ్చింది. "ఏంది పెద్దాయనా, రోగి తరఫు మనిషి అన్నచోట నీ పేరే రాసినావు?"

"నేనేం రాయలా!"

"నేను రాసినా," అన్నారెవరో. మంచం పక్కన నేల మీద మైపాడాయన కొత్త చాప పరుస్తున్నాడు. "అది నా పేరు గూడా గదా."

"నువ్వు... ఊరికి పోలా?"

మైపాడాయన లేచి, పెన్ను తీసి అతని వేళ్ళ మధ్య పెట్టాడు.

"కోసేది నాదని మాటిచ్చినా. మత్తులో నీకేం తెలుస్తాది? మెలకువగా కూర్చోని ఆ కోత పడేది నేను. నీది సూదిదే. పెట్టు సంతకం."