వీలున్నప్పుడు కట్టొచ్చు

అప్పు కాగితం సంచిలో పెట్టుకుని ఫైనాన్సు ఆఫీసు మెట్లు దిగుతున్న టైలరమ్మకు ఓ ముసలాయన అడ్డం వచ్చాడు.

"ఎంత తీసుకున్నావమ్మా?"

చిరుగుల చొక్కా, చేతిలో సుద్దముక్క. ఎవరో బ్రోకరు, కమీషన్ కోసం కాచుకున్నాడనుకుంది ఆమె.

"లక్ష. నీకెందుకు తాతా?"

"వడ్డీ?"

"నెలకు నూటికి రెండు. వీలున్నప్పుడు కట్టొచ్చన్నారు. ఇంత మంచివాళ్లు ఎక్కడ దొరుకుతారు?"

ఆయన మెట్టు మీద సుద్దతో డెబ్భై రెండు వేసి, రెండుతో భాగించాడు.

"డెబ్భై రెండుని వడ్డీతో భాగిస్తే అప్పు రెట్టింపయ్యే నెలలొస్తాయి. ముప్పై ఆరు. ముప్పై ఆరు నెలలు నీకు వీలు కుదరలేదనుకో, లక్ష రెండు లక్షలవుతుంది. ఇంకో ముప్పై ఆరు నెలలకి నాలుగు."

"మూడు కదా?"

"కట్టని వడ్డీ అసలులో కలుస్తుందమ్మా. మరునెల దానిక్కూడా వడ్డీ. చక్రవడ్డీ అంటే అదే."

"అసలు కంటే వడ్డీ ముద్దంటారులే."

"అది మనవల సంగతి. నెలకు రెండు వేలు కడితే నీ అప్పు పెరగదు. ఆపైన ఎంత కడితే అంత అసలు తగ్గుతుంది."

"అడగని సలహాకి నేను డబ్బులివ్వను," అని ఆమె విసవిసా వెళ్లిపోయింది.

ఆయన లెక్క తప్పని తేల్చాలనే ఇంట్లో నోటుపుస్తకం తీసింది. నెలకో వరుస చొప్పున ముప్పై ఆరు వరుసలు వేసింది. చివర్లో రెండు లక్షల నాలుగు వేలు తేలింది. భయంతో మళ్లీ మొదటి నుంచి కూడి చూసింది. కొత్త మిషన్ కోసం ఉన్న ఒక్క కొట్టునూ తాకట్టు పెట్టింది మరి.

ఆ రోజే పంతం పట్టింది. నెల పుట్టగానే ఐదు వేలు కట్టేది. రెండో ఏడాదిలో వేలికి సూది దిగి పది రోజులు మిషన్ ఎక్కలేదు. చెవిదుద్దులు అమ్మింది గానీ వాయిదా తప్పలేదు.

"తొందరేముందమ్మా?" అనేవాడు ఫైనాన్సు యజమాని.

"నాకుందండీ."

వెళ్లినప్పుడల్లా ముసలాయన ఎవరో ఒకర్ని ఆపుతూ, చీవాట్లు తింటూ కనిపించేవాడు. తనన్న మాటకు సిగ్గుపడి ఆమె తలొంచుకుని పోయేది.

ఇరవై ఆరో నెలలో అప్పు తీరింది. కంటి కొలతతో ఆయనకొక చొక్కా కుట్టి తీసుకెళ్లింది. మెట్ల మీద ఎవరూ లేరు.

"ముసలాయనేడీ?" అని వాచ్‌మన్‌ను అడిగింది.

"పోయిన వారం చనిపోయాడమ్మా."

నీ లెక్క నిజమే తాతా అని ఒక్క ముక్క అనలేకపోయానే అని ఆమెకు ఏడుపొచ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుంది.

"బేరాలు చెడగొడుతుంటే మీ యజమాని ఆయన్ని తరిమేయలేదా?"

వాచ్‌మన్ లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఏ మొహంతో తరుముతాడమ్మా? లక్ష అప్పిచ్చి ఈ ఆఫీసున్న ఇల్లు రాయించుకుంది ఆయన దగ్గరే."