పంకా బావ రికార్డులు

తలుపు కదల్లేదు.

లిఫ్ట్ మెకానిక్ భుజం ఆనించి మళ్లీ తోశాడు. ఊహూఁ. ఆఖరి అట్టపెట్టెకి టేపు వేద్దామని లోపలికి వచ్చాడు. వెనకే తలుపు మూసుకుంది. అంతే.

"ఏమైందండీ?" బయట నుంచి భార్య గొంతు.

"తలుపు రావట్లేదు."

"వానలకి చెక్క ఉబ్బినట్టుంది. ఆగండి, నేను లాగుతాను."

లాగిన చప్పుడైంది. తలుపు మాత్రం రాలేదు.

గది చిన్నది. కిటికీ లేదు. పైన అరచేతంత గాలిరంధ్రం, అదీ వెనకింటి గోడవైపు. తలుపు బయటికి తెరుచుకునేది కాబట్టి బందులు అటువైపే ఉన్నాయి. పనిముట్ల సంచీ వీధిగుమ్మం దగ్గర, ఫోను వంటింట్లో. ఊళ్లో ఎవరు లిఫ్టులో ఇరుక్కున్నా పరుగెత్తుకెళ్లి బయటికి తీసే మనిషి సొంతింట్లో ఇరుక్కుపోయాడు.

చుట్టూ నడుమెత్తు అట్టపెట్టెలు. వాటి నిండా రికార్డులు. ఒకప్పుడు బ్రిటన్ కుర్రకారు గిటార్లు పట్టుకుని లోకం మీద కేకలేసిన పంక్ సంగీతం, దానికి అన్నదమ్ముల వరసయ్యే స్కా, న్యూ వేవ్, ఓయ్. అన్నీ సంకలనాలే. ఒకే బృందం పాటలున్న రికార్డు ఒక్కటీ కొనడు. "పేరున్నవాళ్లని లోకమే దాచుకుంటుంది. ఒక్క పాట పాడి చెట్టుకొకడు పుట్టకొకడు అయిపోయినవాళ్లకి వీటిలోనే చోటు" అంటాడు.

పెళ్లికి ముందు నుంచీ ఉన్న పిచ్చి ఇది. పంక్ అన్న మాట నోరు తిరక్క బామ్మర్ది 'పంకా బావ' అని పిలిచాడు. వీధంతా అదే పేరు స్థిరపడిపోయింది. తిరగని ఫ్యాన్లు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డవాళ్లూ ఉన్నారు.

భార్య బట్టలు కుడుతుంది. కుట్టుమిషను వంటింటికీ పడకగదికీ మధ్య ఇరుకు నడవలో ఉంటుంది. "ఇల్లు నాది, గది నా సవతులది" అని ఆమె దెప్పని రోజుండేది కాదు. ఈమధ్య దెప్పడం మానేసింది. అతను నడవలోంచి వెళ్తుంటే మోకాళ్లు దగ్గరికి లాక్కుని, గోడవైపు ఒదిగి దారిస్తోంది. ఆ ఒదగడం చూశాకే అతనికి ఎక్కడో కలుక్కుమంది.

పాత రికార్డుల వ్యాపారికి కబురు పెట్టాడు. ఇస్తే మొత్తం ఇవ్వాలన్నాడు వ్యాపారి. సరేనన్నాడు. ఆయన ఈ సాయంత్రం వ్యాను తెస్తాడు. అటునుంచి అటే దేశం దాటిపోతాడు.

"వడ్రంగికి ఫోన్ చెయ్యి" అన్నాడు మెకానిక్.

"చేశాను. ఎత్తట్లేదు."

"పక్కింటాయన్ని పిలు."

"వాళ్లింటికి తాళం వేసుంది. అయినా ఇరుక్కున్నవాళ్లు కంగారుపడకూడదు, కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి అని మీరేగా అందరికీ చెప్తారు. కూర్చోండి."

కూర్చున్నాడు. కూర్చోవడమే పొరపాటైంది. చెయ్యి దానంతటదే పక్క పెట్టెలోకి వెళ్లింది.

"ఏది తీశారు?"

"అట్ట మీద పిన్నీసులున్నది."

"గులాబీ రంగుదేనా? ఒళ్లు కాలిపోతున్నా దుప్పటి కప్పుకుని వెళ్లి కొనుక్కొచ్చారు. నా పిన్నీసులు వీళ్లకెవరిచ్చారని అడిగాను నేను."

"నీకింకా గుర్తుందా?"

"ఎందుకుండదు? ఆ ఓయ్ పాటల రికార్డు మొదటిసారి పెట్టినప్పుడు ఓయ్, ఓయ్ అని వినబడితే మీరే పిలుస్తున్నారనుకున్నాను. పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తుకొచ్చాను. పాలన్నీ పొంగి పొయ్యిపాలు."

అతను నవ్వబోయాడు. పిన్నీసుల అట్టని వేళ్లతో తడిమాడు. దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టడానికి చెయ్యి రాలేదు. గాలి చాలనట్టనిపించింది. లేచి తలుపు దబదబా బాదాడు.

"ఎలాగోలా తీయించు. ఇక్కడ ఇంకాసేపుంటే నా మనసు మారిపోతుంది."



కింద వీధిలో వ్యాను హారన్ మోగింది.

"ఆయనే. పైకి రమ్మను. ఇద్దరూ కలిసి లాగితే వస్తుంది."

"నేను కిందికెళ్లి మాట్లాడతాను. మీరు ఆయాసపడకండి."

ఆమె మెట్లు దిగిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. పెట్టె మీదెక్కి గాలిరంధ్రంలోంచి గట్టిగా అరిచాడు. వెనకింటి గోడ ఆ అరుపుని తిప్పి అతని మొహానే కొట్టింది. దిగి, రెండు చేతులతో తలుపు నెట్టాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. రికార్డులు పోతాయన్న బాధ ఒకవైపు, పోకుండా ఉండిపోతాయేమోనన్న భయం ఒకవైపు. ఏ వైపుకీ తలుపు లేదు.

వ్యాను కదిలింది. మలుపు తిరిగింది. ఆ తర్వాత వినబడలేదు.

అతను గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు. కాసేపటికి ఆమె పైకొచ్చింది.

"వెళ్లిపోయాడండీ. ఆగడానికి వీల్లేదన్నాడు."

"ఇవన్నీ ఒక్కసారే తీసుకునేవాడు ఇంకెవరూ దొరకరు."

"దొరకరు."

"నీ మిషను ఇందులో వేయిద్దామనుకున్నాను. కిటికీ కూడా కొట్టిద్దామనుకున్నాను."

"తెలుసు."

ఆమె అరచేతులతో కళ్లు తుడుచుకుని, ఇందాక అతను లోపలికి వెళ్లగానే తానే బయట పెట్టిన గడియని చప్పుడు కాకుండా తీసింది.