ప్రభు బల్ల ముందు

"మనసుల పగ పెట్టుకొని రొట్టె ముట్టొద్దమ్మా," అన్నాడు పాస్టర్, మోతీ చెయ్యి పళ్లెం దాకా పోకముందే.

పక్కనే జైపాల్ తల వంచుకుని నిలబడ్డాడు. తాగి ట్రాక్టర్ నడిపి మోతీ భర్త జాల్యాను చంపినవాడు అతడే. రేపు మానుకోట కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యం ఆపించాలనే నెల కిందట బాప్తిస్మం పుచ్చుకుని, ఈ తండా చర్చికి వస్తున్నాడు. చాప మీద ఈ లంబాడీల పక్కన కూర్చోవడం అతనికి చిన్నతనం. ఏడుపు రాకపోయేసరికి కళ్లు గట్టిగా నలుపుకున్నాడు.

"తప్పైంది చెల్లె, క్షమించు."

"చెల్లెనా? మొన్నటిదాక లంబాడిదానా అంటివి గద పటేలా!"

వెనక ఆడవాళ్లు నవ్వారు. పాస్టర్ దగ్గాడు.

మోతీ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఆ తర్వాత రొట్టె తీసి విరిచి, సగం అతని చేతిలో పెట్టింది.

"క్షమించిన. నాకు నీ మీద పగ లేదు."

వట్టి పిచ్చిది అనుకుంటూ జైపాల్ రొట్టె నోట్లో వేసుకున్నాడు. "అయితే రేపు కోర్టుకు రావన్నట్టే గద?"

"ఎందుకు రాను? చూసింది చూసినట్టు చెప్త. క్షమించుడు నా పని, శిక్ష జడ్జి పని. జైలుకు పోతే నీకోసం ప్రార్థన చేస్త."

జైపాల్ నమలడం ఆపాడు. ఆమె వచ్చినా, పగతోనే అబద్ధమాడుతోందని వాదించి కేసు కొట్టేయిస్తానన్నాడు తన వకీలు. ఆ పగ లేదని ఇప్పుడు చర్చంతా విన్నది. అడిగి చెప్పించుకున్నది తనే.