చిల్లు గొడుగు పద్దెనిమిది పాటలు

"ఈ మిషన్ పెట్టుకుంటే ఇది వినబడుతుందా?"

పెద్దాయన సంచిలోంచి ఓ సీడీ తీసి బల్ల మీద పెట్టాడు.

చెవి మిషన్ల సెంటర్లో పరీక్షలు చేసే అమ్మాయి దాన్ని చూసి తెల్లబోయింది.

అట్ట మీద నలుగురు కుర్రాళ్లు నాలుకలు బయటపెట్టి వెక్కిరిస్తున్నారు. 'చిల్లు గొడుగు' బ్యాండు. పేరు మోసిన పద్దెనిమిది పాటలు, పాతవాటి నుంచి కొత్తవాటి దాకా.

కాలేజీలో ఉండగా ఆమెకు ఆ పాటలంటే పిచ్చి. గిటార్లు గోల పెడతాయి, డ్రమ్ములు పరుగు తీస్తాయి, పాడేవాడు అరుస్తూనే ఏడుస్తాడు. పాప్ పంక్ అంటారు దాన్ని. వాళ్ల నాన్న మాత్రం రేకుల షెడ్డు కూలిన చప్పుడు అనేవాడు.

డెబ్బై అయిదు దాటిన మనిషికి దీంతో ఏం పని?

"మనవడిదా తాతగారూ?" అంది గట్టిగా.

"కాదు. నాదే. నిన్న కొనుక్కున్నాను."

ఇక్కడికి వచ్చేవాళ్లు టీవీ వినబడాలంటారు. కోడలి మాట వినబడాలంటారు. కోడలి మాట తప్ప అన్నీ వినబడాలన్నవాళ్లూ ఉన్నారు. ఇలాంటి కోరిక ఆమె ఎన్నడూ వినలేదు.

ఆయన చెవులకు మిషన్లు అమర్చి, కంప్యూటర్లో సరిచేసి, మొదటి పాట పెట్టింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. అర నిమిషం గడవలేదు.

"తొందరపడుతున్నాడు," అన్నాడు.

"ఎవరు?"

"డ్రమ్ము వాయించేవాడు."

"ఈ పాటలే అంత తాతగారూ. పరుగే పరుగు."

"పరుగు వేరు, తొందర వేరు తల్లీ."

ఆమెకేమీ బోధపడలేదు.

"మాటలు తెలుస్తున్నాయా?"

"మాటలెందుకు? అవి తగ్గించి చప్పుడు పెంచు."

"మిషన్ చేసిందే మాటల కోసం!"

"నాకొద్దమ్మా మాటలు."

తల గోక్కుని, ఆయన అడిగినట్టే మార్చింది. కాలేజీలో ఆమెను ఏడిపించిన ప్రేమ పాట వచ్చింది. ఆయన ఆవలించాడు. ఏడో పాటకు మాత్రం నిటారుగా కూర్చున్నాడు.

"ఇప్పుడిప్పుడే దారికొస్తున్నాడు."

రిసెప్షన్ అమ్మాయి తలుపు తీసి తొంగిచూసింది. "అక్కా, బయట ఇద్దరు కూర్చున్నారు. లోపల ఏంటీ, యుద్ధమా?"

"పరీక్ష," అంది ఈమె. ఎవరికి పరీక్షో ఆమెకే తెలియడం లేదు.

పదకొండో పాట మొదలవబోతుంటే చటుక్కున ఆపేసింది.

"ఇది వద్దులెండి."

"ఏం?"

"పెద్దవాళ్లు వినేది కాదు."

ఆ బ్యాండుకి అన్నిటికన్నా పేరు తెచ్చిన పాట అదే. అద్దె గదిలో పాటలు సాధన చేస్తుంటే, కింది వాటాలోంచి కర్రతో పైకప్పును బాదే ఓ ముసలాణ్ణి తిట్టే పాట. స్నేహితురాళ్లతో కలిసి గెంతుతూ ఆమె ఎన్నిసార్లు పాడిందో లెక్కలేదు.

"పెట్టమ్మా. పర్లేదు."

పెట్టింది.

*కిందింటి ముసలాడా, నీ కర్రకి చెదలు పట్టా!*

*మా పాట అయ్యేలోగా నీ ఊపిరి ఆగిపోనూ!*

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఓరకంట ఆయన్ని చూసింది.

ఆయన నవ్వుతున్నాడు. రెండు వేళ్లతో మోకాలి మీద దరువు వేస్తున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోవడం లేదు.

"మళ్లీ పెట్టు."

మూడుసార్లు పెట్టించాడు.

"అంతలేసి మాటలంటుంటే మీకు కోపం రావట్లేదా తాతగారూ?"

"అననీ. ఒక్క దెబ్బయినా అటూ ఇటూ పోయిందా? విన్నావా నువ్వు?"

తలూపింది. ఆయన చూడకుండా కాగితం మీద రాసుకుంది: 'మాటల మీద ధ్యాస లేదు. ఏడుస్తూ నవ్వుతున్నారు. మతిమరుపు పరీక్ష చేయిస్తే మంచిది.'

పద్దెనిమిదీ అయ్యాకే ఆయన లేచాడు. మిషన్లు తీసి డబ్బాలో పెట్టుకున్నాడు.

"వారం రోజులు వాడి చూడండి," అని సైగ చేసి చెప్పి, ఉండబట్టలేక అడిగింది. "ఆ బ్యాండువాళ్లు మీకు తెలుసా?"

మిషన్ లేని చెవులకు ఆ ప్రశ్న అందలేదు. ఆయన చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

వారం దాటింది. పన్నెండో రోజున ఓ నడివయసు ఆవిడ వచ్చి డబ్బా బల్ల మీద పెట్టింది.

"మా మామయ్య తీసుకెళ్లారు. ఆయన పోయి అయిదు రోజులైంది."

అమ్మాయి లేచి ఆవిడకి కుర్చీ జరిపింది.

"ఉన్నన్నాళ్లూ ఆ పాటలే. అన్నం దగ్గర కూడా."

"నేను... ఆయనకి మతిమరుపేమో అనుకున్నానండీ."

"మతిమరుపా?" ఆవిడ నొచ్చుకోలేదు, చిన్నగా నవ్వింది. "ముప్పై ఏళ్లు సర్కస్ బ్యాండులో డ్రమ్ము వాయించారు. ఒక్క దెబ్బ ముందు పడితే పైన ఊయల మీదున్న మనిషి చెయ్యి జారుతుంది. ఆ చప్పుళ్లకే చెవులు దెబ్బతిన్నాయి."

"మరి ఈ పాటలు..."

"ఆ కుర్రాళ్లు మా పై వాటాలో నాలుగేళ్లు అద్దెకున్నారు. అప్పటికి మామయ్యకి కొంత వినబడేది. డ్రమ్ము పిల్లాడు తాళం తప్పినప్పుడల్లా ఈయన కర్ర తీసుకుని, ఎక్కడ ఎంత దెబ్బ పడాలో పైకప్పు మీద కొట్టి చూపించేవారు. గోల ఆపమంటున్నాడని వాళ్లు మండిపడేవాళ్లు."

"పైకెళ్లి చెప్పొచ్చు కదా?"

"నేనూ అదే అన్నాను. 'చెబితే వినే వయసా? నా మీద కసితోనైనా సరిగ్గా వాయిస్తారులే' అన్నారు. వాళ్లకి పేరొచ్చేసరికి ఈయనకి గట్టిగా అరిస్తే తప్ప వినబడకుండా పోయింది. పిల్లాడు నేర్చుకున్నాడో లేదోనని ఒకటే బెంగ."

అమ్మాయి డబ్బా అందుకుంది.

"వాడికి గురువు మా మామయ్యేనమ్మా," అంది ఆవిడ సంచి సర్దుకుంటూ, "ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, వాడికి తప్ప."