ముందు వరుస

"టోకెన్ పద్నాలుగు. మూడు నిమిషాలేనమ్మా. గంట కొడితే ఆపెయ్యాలి," అన్నాడు కమిటీ అధ్యక్షుడు.

పద్నాలుగో టోకెన్ ఒక స్కూలు టీచర్‌ది. ఆమె మైకు దగ్గరికి వెళ్లి, నాలుగు మడతలు పెట్టిన కాగితం విప్పింది.

మందుల కంపెనీల్లో పనిచేసినవాళ్లకు మందుల తనిఖీ శాఖలో పెద్ద పదవులు ఇవ్వకూడదంటూ తేబోయే చట్టం మీద ఆ రోజు శాసనసభ కమిటీ విచారణ. దగ్గుమందు తాగి తొమ్మిదిమంది పిల్లలు పోయాక గానీ ఆ చట్టం ఊసే రాలేదు.

ఆ మందును పాస్ చేసిన తనిఖీ శాఖ డైరెక్టర్ ముందు కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. ఈ పదవికి రాకముందు ఇరవై ఏళ్లు ఆ మందు తయారుచేసిన కంపెనీలోనే ఉన్నాడు.

"మీ పిల్లలెవరైనా..." అధ్యక్షుడు మాట మింగేశాడు.

"మా పాప. ఆరేళ్లు. దగ్గొస్తే ఆ మందే పట్టాను. డైరెక్టరు గారు బాగుందన్నారు కదా అని."

ఆమె కాగితంలో తర్వాతి వాక్యం వెతుక్కుంది.

"ఆయన లంచం తిన్నారని నేననను. కంపెనీలో ఆయన పని, తనిఖీకి వచ్చేవాళ్ల కోసం మందులో కలిపే సరుకు డ్రమ్ముల్లో మంచివి ముందు వరుసలో పేర్పించడం. వెనక వరుస అడగడం మర్యాద కాదనేది అక్కడి రివాజు. అధికారి అయ్యాక అదే గోడౌన్‌కి వెళ్లారు. శాంపిల్ ముందు వరుసలోంచే తీశారు. ఇరవై ఏళ్ల అలవాటు. చెయ్యి వెనక్కి పోలేదు."

కంపెనీల తరఫు వకీలు లేచాడు. "మీ బాధ అర్థమైందమ్మా. కానీ ఫ్యాక్టరీ గడప తొక్కనివాణ్ణి తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెడితే, సిరప్‌కీ షర్బత్‌కీ తేడా కనుక్కుంటాడా?"

ఒకరిద్దరు నవ్వారు.

"కనుక్కోలేడండీ. అందుకే అన్ని డ్రమ్ములూ తెరవమంటాడు."

నవ్వు ఆగిపోయింది.

"ఇంత లోపలి సంగతి మీకెవరు చెప్పారు?" అన్నాడు వకీలు.

"డైరెక్టరు గారే. పాప పోయిన మూడోరోజు. మా ఇంట్లో, నేల మీద కూర్చుని చెప్పారు."

"పరామర్శకి కూడా వెళ్లాడా! ఏ మొహం పెట్టుకుని?" వెనకనుంచి ఎవరో గట్టిగానే అన్నారు.

డైరెక్టర్ తల ఎత్తలేదు.

"అయితే ఆయన్ని తీసెయ్యమంటారా?" అడిగాడు అధ్యక్షుడు.

"ఆయన ఒక్కరే పోతే, అక్కణ్ణుంచే ఇంకొకరు వస్తారు. వాళ్ల చెయ్యీ ముందు వరుసకే పోతుంది. నాకు చట్టం కావాలి."

గంట మోగింది. ఆమె కాగితాన్ని మళ్లీ అవే నాలుగు మడతలు పెట్టింది.

విచారణ ముగిశాక డైరెక్టర్ బయట కారు తలుపు తెరిచి పట్టుకుంటే, టీచర్ ఎక్కి, సీటు మీద ఉండిపోయిన పాప బూట్లు ఒళ్లోకి తీసుకుని, "ఇంటికి పోదాం పదండి," అంది, తలుపు పట్టుకుని నిలబడ్డ భర్తతో.