నీలం లేని ఫోటో

"ఇదీ వద్దు భాయ్," అంటూ రమ్యశ్రీ కెమెరాను బల్ల మీద పెట్టేసింది.

మదనపల్లె బస్టాండు దగ్గర కెమెరాల అంగడి నడిపే ముక్తియార్‌కు ఓపిక ఎక్కువే. అయినా ఈసారి ఆయన ముఖంలో విసుగు కనపడింది.

"దీనికేం తక్కువమ్మా? పెండ్లిండ్లకు అందరూ ఇదే తీసుకుపోతారు."

"నేను తీయాల్సింది పెండ్లి కాదు. ఉప్పునీళ్ళ తొట్టి. లోపల బతికున్న పగడాలు ఉంటాయి."

"ఇంట్లో పగడాలా?"

"మా ఆయన పెంచుతాడు." ఆమె ఫోను తీసి చూపించింది. తెరంతా సిరా ఒలికినట్టు నీలం. ఏది పగడమో, ఏది రాయో తెలియడం లేదు. "పైన నీలం లైటు కదా, ఫోనులో తీస్తే ఇట్లా వస్తాండాది. దీన్ని సూసి తిట్టినాడు."

"ఆయన్నే పిల్చుకొని రా తల్లీ. ఆయనే ఎంచుకుంటాడు."

"కుప్పం ఆసుపత్రిలో ఉండాడు భాయ్. టమోటా లోడు వెంట పోతాంటే బండి బోల్తా పడె. నడుము దెబ్బతినె. మంచం మీద కదలకూడదంట. పొద్దున కండ్లు తెరిస్తే ఒకటే మాట, నా పగడాలు ఎట్లుండాయి, ఫోటో పెట్టు అని."

ముక్తియార్ మెత్తబడ్డాడు. లోపలికి వెళ్ళి ఒక పొట్టి లెన్సు తెచ్చాడు.

"అయితే ఇది సూడమ్మా. ఈ మూల నుంచి ఆ మూలకు తొట్టి మొత్తం ఒకే ఫోటోలో వస్తాది. ఆయనకు ఇంట్లో కూసున్నట్టే ఉంటాది."

"తొట్టి మొత్తం వద్దు!"

గొంతు పెద్దదైందని తనకే తెలిసి ఆమె తగ్గించింది. "పగడం ఒక్కటే కనపడాల భాయ్. బాగా దగ్గర నుంచి. వెనక ఏముండాదో తెలియకూడదు."

"దానికి మాక్రో లెన్సు కావాల. నా దగ్గర లేదు. పుంగనూరులో దాసప్ప అని స్టూడియో ఆయన ఉండాడు. పూలు, పురుగులు తీస్తాంటాడు. కెమెరాతో సహా బాడుగకు ఇస్తాడు, పో."

మెట్లు దిగుతుండగానే ఫోను మోగింది. భర్త ఉదయ్ కిరణ్.

"రమ్యా, ఫోటో యాడ?"

"కెమెరా కోసం తిరగతాండాను."

"కెమెరా యాల ఇప్పుడు? ఉన్న ఫోనులోనే తీసి పెట్టు."

"రంగే తెలీలేదని నువ్వే అంటివి కదా."

అతను నెమ్మదిగా అడిగాడు. "నువ్వు ఈడ నా దగ్గర ఉన్నప్పుడు ఆడ గాలివాన వచ్చెనంట. కరెంటు పోలేదు కదా? పంపు ఎక్కువసేపు ఆగితే అవి బతకవు."

"ఇన్వర్టర్ ఉండాది కదా. అన్నీ బాగుండాయి. నువ్వు నిద్రపో."

పుంగనూరు బస్సులో ఆమె స్థిమితంగా కూర్చోలేకపోయింది. సంచి తెరిచింది, మూసింది. కిటికీ అద్దం జరిపింది, గాలి తగలగానే మళ్ళీ మూసేసింది. పక్కనున్నావిడ ఏదో అడిగితే పొంతన లేని జవాబు చెప్పింది.

దాసప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. లెన్సు తగిలించి, దేవుడి పటానికి పెట్టిన మల్లెపూవును ఫోటో తీసి చూపించాడు. రేకు మీది సన్నటి గీతలు కూడా లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. దాని వెనక పటం లేదు, గోడ లేదు. అంతా పొగమంచులా కరిగిపోయింది.

"ఇదే కావాలప్పా," అంది రమ్యశ్రీ. పొద్దుటి నుంచి ఆమె నిండుగా ఊపిరి తీసుకున్నది అప్పుడే.

"ఆ నీలం లైటు కింద ముందు ఒక తెల్ల అట్ట పెట్టు. ఇదే తెలుపు అని కెమెరాకు సెప్పాల. అప్పుడు రంగులు దారికొస్తాయి," అని మీటలు చూపించాడు దాసప్ప. ఆమె ఒక మీటకు బదులు ఇంకోటి నొక్కడం గమనించాడు. "ఇంత కష్టం యాలమ్మా? బండుండాది, మీ ఇంటికి నేనే వచ్చి తీసిస్తాను."

"వద్దప్పా," అంది ఆమె చటుక్కున. "నేనే తీయాల."

దాసప్ప కెమెరాను సంచిలో పెట్టి ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఆమె తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఉదయ్ లాగే పగడాలు పెంచే స్నేహితుడి భార్య సల్మా తెల్ల అట్ట పట్టుకుంది. పంపు ఆపగానే నీళ్ళు నిలకడకు వచ్చాయి. మొదట తీసినవన్నీ చెదిరిపోయాయి. ఒకదాంట్లో అద్దంలో సల్మా చెయ్యి పడితే వెంటనే చెరిపేసింది. చివరికి ఒక పగడం తెర నిండా విచ్చుకుంది. ఆకుపచ్చ అంచులు, మధ్యలో ఊదా, కొసల్లో లేత గులాబీ. నీలం జాడే లేదు.

"సూడు, ఎంత బాగా వచ్చెనో," అంది సల్మా.

రమ్యశ్రీ తలూపింది గానీ ముఖంలో సంతోషం లేదు. అలాంటివే మరికొన్ని తీసుకుని లేచింది.

మర్నాడు కుప్పం ఆసుపత్రిలో ఉదయ్ పడుకునే కెమెరా అందుకున్నాడు. తెర వెలగగానే అతని కళ్ళు పెద్దవయ్యాయి.

"అబ్బ! ఈ ఊదా సూడు రమ్యా! ఇన్నేండ్లలో నేను ఇట్లా ఒక్కటన్నా తీయలేకపోతిని."

ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆమె సరిగ్గానే ఉన్న దుప్పటిని సర్దింది. నిండుగా ఉన్న సీసాలో నీళ్ళు పట్టుకొస్తానని లేచింది.

"కూసో," అన్నాడు అతను.

కూర్చుంది. అతను కెమెరాను పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. "రెండు దినాలుగా తిన్నట్టు లేవే?"

"తింటాండాను."

ఉదయ్ ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. గొంతులో కోపం లేదు.

"ఇవి సల్మా వాళ్ళ తొట్టిలోవి. మనవి ఎప్పుడు చచ్చిపోయినాయి రమ్యా?"