పాత కాగితాల పెద్దమ్మ

“అమ్మాయ్, నా రక్తపరీక్ష కాగితం కావాలి. అయిదేళ్ళ కిందటిది.”

ఆ గొంతు వినగానే సర్వరమ్మ తల పట్టుకుంది.

ఆసుపత్రి కంప్యూటర్లూ, రికార్డులన్నీ దాచే సర్వరూ ఆమె చేతికింద నడుస్తాయి కాబట్టి నర్సులు ఆమెకు ఆ పేరు పెట్టారు. వచ్చిన ఆవిడకు ‘పాత కాగితాల పెద్దమ్మ’ అని పేరు పెట్టింది మాత్రం సర్వరమ్మే.

నెల మొదట్లో ఠంచనుగా దిగుతుంది. వచ్చినప్పుడల్లా ఏదో ఒక పాత ఏడాది కాగితం అడుగుతుంది.

“అవి ఇక్కడుండవు పెద్దమ్మా. కాపీలు దాచిన పెట్టెలోంచి తియ్యాలి. చాలాసేపు పడుతుంది.”

“పట్టనీ. నాకేం తొందర? కూర్చుంటాను.”

కూర్చునేది కూడా. గుమ్మం పక్క కుర్చీలో, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, తెరకేసే చూస్తూ.

సర్వరమ్మ గోడ నిండా నియమాలు అంటించుకుంది. ‘మార్పు చేసేముందు కాపీ తియ్యి.’ ‘కాపీ అయ్యాక పెట్టె వైరు పీకెయ్.’ ‘సెలవు ముందురోజు దేన్నీ కెలక్కు.’

‘పెద్దమ్మ వస్తే నవ్వు’ అని ఇంకోటి కూడా అంటించమని, వైర్ల పని చూసే కేబులన్నయ్య ఏడిపించేవాడు.

కాపీని విడి సర్వర్లోకి ఎక్కించి, తెరిచి, వెతికి, చచ్చీచెడీ కాగితం చేతిలో పెడితే, పెద్దమ్మ దానివైపు కన్నెత్తి చూసేది కాదు. మడిచి సంచీలో పడేసేది.

“తెరుచుకుందిగా?” అని మాత్రం అడిగేది.

“తెరుచుకుంది పెద్దమ్మా.”

“చల్లగా ఉండు తల్లీ.”

ఒకసారైతే, నిన్న చేయించుకున్న పరీక్ష కాగితం కూడా ఆ పెట్టెలోంచే తీసిమ్మంది.

“నిన్నటిది ఇక్కడే ఉంది కదా! బొత్తం నొక్కితే వస్తుంది.”

“అందులోంచే తియ్యి. నా మాట విను.”

సర్వరమ్మ పళ్ళు నూరుకుంటూ పని మొదలుపెట్టింది. కాపీ తెరుచుకోలేదు.

కారణం వెతికింది. కొన్ని వారాలుగా పెట్టెలో పడుతున్నవన్నీ ఖాళీ కాపీలే. పైకి మాత్రం పచ్చదీపం రోజూ నిక్షేపంగా వెలుగుతోంది.

పెద్దమ్మ పల్లెత్తు మాట అనలేదు. “బాగుచేసుకో. మళ్ళీ వస్తాను” అని లేచింది.

“చాదస్తం కూడా ఒక్కోసారి పనికొస్తుంది సుమా!” అన్నాడు కేబులన్నయ్య. ఇద్దరూ నవ్వుకున్నారు. అంతకుమించి ఆలోచించలేదు.

మరికొన్నాళ్ళు వచ్చి, పెద్దమ్మ రావడం మానేసింది.

హమ్మయ్య అనుకుంది సర్వరమ్మ.

అలా అనుకున్న కొద్దిరోజులకే, ఓ ఉదయం ఆసుపత్రిలో తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. ఎవరో దుర్మార్గులు బయటినుంచి చొరబడి రికార్డులన్నిటికీ తాళం వేసేశారు.

ఫోను మోగింది. ఆపరేషన్ గదిలోంచి సర్జన్.

“బడిలో మెట్ల మీంచి పడ్డ పిల్లాడమ్మా. స్పృహ లేదు. అమ్మానాన్నా ఇంకా దారిలోనే ఉన్నారు, ఫోను ఎత్తడం లేదు. ఇదివరకు మన దగ్గరికొచ్చినవాడే, వాడికి ఏ మందు పడదో మన ఫైల్లోనే ఉంటుంది. అది చూడకుండా సూది వెయ్యలేను, ఎక్కువసేపు ఆగనూ లేను!”

“లైన్లో ఉండండి డాక్టరుగారూ.”

సర్వరమ్మ ఫోను బల్లమీద పెట్టి కేబులన్నయ్యకేసి తిరిగింది.

“అన్నయ్యా, బయటి వైరు పీకెయ్. పెట్టెని విడి సర్వరుకి కలుపు. ముందు పిల్లల వార్డు ఫైళ్ళు ఎక్కిద్దాం.”

“నిన్నటి కాపీ తెరుచుకుంటుందంటావా?”

“తెరుచుకోకేం? పెట్టె వైరు రాత్రే పీకేశాను, దానికి తాళం పడలేదు. నెలనెలా తెరిచాంగా!”

ఏ బొత్తం తర్వాత ఏ బొత్తమో వేళ్ళకే తెలుసు. తెర వెలిగింది. పిల్లాడి పేరు వచ్చింది.

“డాక్టరుగారూ, పెన్సిలిన్ పడదు! పెన్సిలిన్ వద్దు!”

అవతల ఏదో ట్రేలో పడ్డ చప్పుడు వినిపించింది.

“చేతిలో ఉన్నది అదేనమ్మా. పారేశాను.”

మధ్యాహ్నానికల్లా ఆసుపత్రి మొత్తం మళ్ళీ నడిచింది. ఒక్క కాగితం పోలేదు. సర్జన్ స్వయంగా కిందికి దిగొచ్చాడు.

“కళ్ళు తెరిచాడు. ఐస్‌క్రీమ్ అడుగుతున్నాడు, వెధవ!”

నర్సులు చప్పట్లు కొట్టారు. కేబులన్నయ్య ఈల వేశాడు. సర్వరమ్మ ఏడుస్తూనే నవ్వింది. జన్మలో ఆమెకు అంత ఆనందం కలగలేదు.

కళ్ళు తుడుచుకుంటుంటే గుమ్మం పక్కన ఖాళీ కుర్చీ కనిపించింది.

“అన్నయ్యా, మనచేత సాధన చేయించింది పెద్దమ్మ! ఎక్కడో ఇదే ఉద్యోగం చేసి రిటైరై ఉంటుంది. పిలిచి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలి.”

పాత కాగితాల్లోనే నంబరు దొరికింది. ఫోను ఎత్తింది పెద్దమ్మ తమ్ముడు.

“అక్క పోయిందమ్మా. పోయిన నెల.”

సర్వరమ్మ వెళ్ళి గుమ్మం పక్క ఖాళీ కుర్చీలో కూర్చుంది.

“ఆవిడ కంప్యూటర్ల ఉద్యోగం చేసేవారా అండీ?”

“కంప్యూటరా? ఫోన్లో నంబరు కూడా నేనే నొక్కిచ్చేవాణ్ణి. బట్టలు కుట్టేది.”

“మరి మా కాపీల సంగతి ఆవిడకెలా తెలుసు?”

అవతలి గొంతు తగ్గింది.

“మీకంటే ముందు మీ గదిలో పనిచేసినాయన మా ఇంటికొచ్చి ఏడ్చాడమ్మా, ‘రోజూ కాపీ తీశాను, ఒక్కసారైనా తెరిచి చూసుకోలేదు’ అని. అప్పుడూ మీ సర్వరు పోయింది. అదే రోజు బడిలో పడిపోయిన పిల్లనొకదాన్ని మీ దగ్గరికి తెచ్చారు. ఏం పడదో చెప్పే కాగితం దొరక్క, తల్లి వచ్చేలోపే పెన్సిలిన్ ఇచ్చేశారు. పిల్ల దక్కలేదు. ఆ తల్లే మా అక్క.”